పాత వాల్వు యాంప్లిఫయరునకు క్రొత్త కండెన్సర్లు: అపోహలు, వాస్తవములు

1959వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నుండి డైనాకో కంపెనీవారు, కొనువారు తామే ఇంట కూర్చుకొనుటకు వీలుగా విడిభాగముల రూపమున విక్రయించిన స్టీరియో-70 యను వాల్వు యాంప్లిఫయరు నేటికిని అనేక సంగీతప్రియుల యిండ్లలో మ్రోగుచునే యున్నది. 30, 20, 20, 20 మైక్రోఫారడ్ల నాలుగు కండెన్సర్లను తనలో నిముడ్చుకొని ఛాసిసుపై నిలిచియుండు అల్యూమినియము డబ్బా మాత్రము వయోభారముచే క్షీణించుట సహజము. దానిని మార్చవలెననుట సత్యమే. ఎట్లు మార్చవలెనను విషయమున వినవచ్చు మాటలలో సత్యము స్వల్పము.

కండెన్సరు పెద్దదైన కొలదియు సరఫరా నిర్మలమై, మంద్రస్వరములు బలపడునని పలువురి నమ్మకము. సగము నిజమగుటచేతనే యీ మాట మిక్కిలి ప్రమాదకరము. రెక్టిఫయరు వాల్వునకు వెనువెంటనే యున్న కండెన్సరు, మెయిన్సు తరంగము శిఖరమును సమీపించిన స్వల్పకాలమునందు మాత్రమే నిండును. దాని ప్రమాణమును పెంచినచో ఆ కాలము మఱింత కుదించుకొనిపోగా, అంతే విద్యుత్తు అంతకంటె తక్కువ వ్యవధిలో ప్రవహింపవలసివచ్చి, ఆ క్షణిక ప్రవాహపు తాకిడిని వాల్వు కాథోడును, ట్రాన్స్‌ఫార్మరు చుట్టలును భరింపవలసియుండును. ఇందు వాడు జీజడ్-34 వాల్వునకు తయారీదారులు విధించిన పరిమితి 60 మైక్రోఫారడ్లు. ఆ చోట 200 పెట్టిన ఉత్సాహవంతుడు, స్విచ్చి వేసిన వెంటనే వాల్వులో మెఱుపు మెఱయుటను చూడవచ్చును. ఆశ తీరనివారు చోకు (ఫిల్టరు చుట్ట) దాటిన తరువాతి కండెన్సర్లను కొంత పెంచుకొనవచ్చును. అచటి భారము రెక్టిఫయరుపై నేరుగా పడదు.

డబ్బాపై వ్రాసిన 525 వోల్టులు సహనపు హద్దే కాని పనిచేయు వోల్టేజి కాదు. అంతకు మించిన దానిని పెట్టుటవలన శబ్దము చెడదు. పనివేళ నాలుగువందల పైచిలుకే గదా, 450 చాలునను పొదుపు మాత్రము అనర్థదాయకము. రెక్టిఫయరు వాల్వును తీసి సిలికాను డయోడ్లు పెట్టినచో, తక్కిన వాల్వులు వేడెక్కి ప్రవాహమును లాగుకొనక ముందే, 360 వోల్టుల చుట్టనుండి శిఖరవోల్టేజి 500 దాటి కండెన్సరును మోదును.

మీటరుపై 30 చూపినంతమాత్రమున పాత కండెన్సరు నిర్దోషియని తీర్పు చెప్పరాదు. ఆ మీటరు పరీక్షించునది కొద్ది వోల్టుల వద్ద. లీకేజి బయటపడునది వందల వోల్టుల వద్ద. వేరియాకుతో మెల్లమెల్లగా వోల్టేజి పెంచినచో ఆక్సైడు పొర కొంత కోలుకొనునేమో కాని, ఎండిపోయిన ద్రవము తిరిగి రాదు. పైగా ఫిలమెంటు చాలినంత వేడెక్కువఱకు రెక్టిఫయరు వాల్వు ప్రవాహమును విడువదు గనుక, ఆ మెల్లని సేవ కండెన్సరును చేరనే చేరదు!

గుంయిమను మ్రోత యంతయు కండెన్సరు దోషమేయనుటయు సరికాదు. మన 50 హెర్ట్జ్ మెయిన్సుపై ఫిల్టరు లోపపు మ్రోత 100 హెర్ట్జ్ వద్ద వినవచ్చును. 50 వద్ద వినవచ్చినచో ఫిలమెంటు తీగలనో ఎర్తునో వెదకవలెను.

పెద్ద డబ్బాకు ధారాళముగా వెచ్చించి, బయాసు సరఫరాలోని చిన్న కండెన్సర్లను మఱచువారు పెక్కుమంది. అవి చెడినచో ఈఎల్-34 అవుట్‌పుట్ వాల్వుల ప్లేట్లు ఎఱ్ఱగా కాలును. అచటి వోల్టేజి రుణాత్మకము కావున, ధనధ్రువమే ఛాసిసునకు తగిలింపవలెను. అలవాటుగా తలక్రిందులు చేసినచో క్రొత్త కండెన్సరు ఉబ్బి పగులును.

ప్లగ్గు లాగినంతనే భయము తీరినదనుకొనుట అన్నిటికంటె చెడ్డ అపోహ. తగిన రెసిస్టరు ద్వారా ఖాళీచేసిన పిమ్మటను, కండెన్సరు పొరలలో మిగిలిన విద్యుదావేశము కొంత మరల పైకి వచ్చును. కావున మీటరు ఒకసారి సున్న చూపెనని తృప్తిపడక, కొన్ని నిమిషములు ఆగి మరల కొలిచి, ఆ పిదపనే టంకపు కడ్డీని చేతబట్టవలెను.