మతిమరుపులో వారసత్వం వాటా ఎంత?

సొంత కొడుకు పేరే తండ్రికి గుర్తు రాకపోతే, ఆ కొడుకులో మొదలయ్యే బెంగ ఒకటే: రేపు నాకూ ఇంతేనా? వయసుతో వచ్చే మామూలు మరుపు వేరు, డిమెన్షియా వేరు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అది వంశంలో నడిచే జబ్బా అంటే, కొంతవరకు అవును.

ఆ కొంతలో పెద్ద వాటా 19వ క్రోమోజోమ్ మీదున్న ఏపీఓఈ జన్యువుది. అది తయారుచేసే ప్రొటీన్ మెదడు కణాలకు కొలెస్ట్రాల్ మోస్తుంది. ఈ జన్యువులో ప్రధానంగా మూడు రకాలు: ఈ2, ఈ3, ఈ4. ఈ3 ప్రొటీన్‌కీ ఈ4 ప్రొటీన్‌కీ 299 అమైనో ఆమ్లాల్లో తేడా ఒక్కచోటే. ఆ ఒక్క మార్పు వల్ల, అల్జీమర్స్‌లో కనిపించే అమిలాయిడ్ అనే పదార్థం మెదడులో త్వరగా పేరుకుంటుంది. అల్జీమర్స్‌తో ఈ4 సంబంధం 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో బయటపడింది. ఐరోపా సంతతివారిలో తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఈ4 వస్తే ముప్పు సుమారు మూడు రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే 8 నుంచి 12 రెట్లు. అయినా ఈ4 ఉన్నవారందరికీ జబ్బు రాదు, లేనివారికి రాదన్న హామీ లేదు.

మరి మన దగ్గర? హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలనూ అమెరికాలోని ఒక ప్రాంతాన్నీ పోల్చిన అధ్యయనం 2000లో వెలువడింది. అమెరికా ప్రాంతంలో ఈ4 వాటా 11 శాతం, బల్లభ్‌గఢ్‌లో 7 శాతమే. ఈ4కీ అల్జీమర్స్‌కీ ఉన్న ముడి మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకటే.

తర్వాత లాసీ-డాడ్ అనే డిమెన్షియా అధ్యయనం దేశవ్యాప్తంగా అరవై దాటిన నాలుగు వేలమందికి పైగా పెద్దలను పరీక్షించింది. 2023లో వచ్చిన లెక్క ప్రకారం ఆ వయసువారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. పట్నాల్లో 5.3 శాతమైతే పల్లెల్లో 8.4. ఈ తేడాను జన్యువుల మీదకు నెట్టలేం. ఒక తల్లి పిల్లల్లోనే ఒకరు చాట్రాయి లాంటి పల్లెలో మామిడి తోట చూసుకుంటారు, ఇంకొకరు విజయవాడలో ఉద్యోగం చేస్తారు. వాళ్లను వేరుచేసేవి చదువు, వైద్యం, బతుకుతీరు.

మామిడి రైతుకు ఇది తెలిసిన సంగతే. అంటు కట్టిన బంగినపల్లి చెట్లన్నిటి జన్యువులూ ఒకటే, కానీ నేల, నీరు మారితే కాపు మారుతుంది.

మనిషి మెదడు విషయంలోనూ ఇలాంటి తేడా కనిపించింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారికంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివారిలోనూ ఈ ఆలస్యం కనిపించింది. ఇతర దేశాల్లో అన్ని అధ్యయనాలూ దీన్ని బలపరచలేదు. అయినా పుట్టుకతో వచ్చిన జన్యువులకు తోడు, బతుకంతా మెదడుకు పెట్టిన పని కూడా లెక్కలోకి వస్తుందనడానికి మన నేల మీద దొరికిన గట్టి సూచన ఇది.

చేతిలో ఉన్నవీ తక్కువేం కాదు. బీపీ, షుగర్, చెవుడు, పొగతాగడం వంటి 14 కారణాలను అదుపుచేస్తే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియా కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో అంచనా వేసింది. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు కూడా డిమెన్షియాలాగే కనిపించవచ్చు. వాటికి మందులున్నాయి. అందుకే పెద్దవాళ్లు తెలిసిన దారిలోనే తప్పిపోతుంటే, వంశంలో ఉందిలే అని ఊరుకోకుండా ముందు డాక్టరుకు చూపించాలి.