ఎర్ర మందుకు నానో తొడుగు



“ఆ ఎర్ర మందు ఇక వద్దు అయ్యగారూ, జబ్బు కంటే మందే చంపేటట్టుంది.” మేడ్చల్ వైపు ఒక గ్రామంలో గృహ దర్శనానికి వెళ్లినప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఒక తల్లి మాతో అన్న మాట ఇది. రెండు విడతలకే జుట్టు రాలిపోయింది, అన్నం సయించలేదు. మూడవ విడతకు రానని కూర్చున్నది.

ఆ ఎర్ర మందు పేరు డాక్సోరూబిసిన్. వేగంగా పెరిగే కణాలను అది చంపుతుంది. వెంట్రుకల కుదుళ్లు, నోటి పొర, ఎముకల మూలుగు కూడా వేగంగా పెరిగేవే గనుక వాటినీ దెబ్బతీస్తుంది. మోతాదు పెరిగితే గుండెకూ హాని. కలుపు మందు పొలమంతా చల్లితే పైరు కూడా వాడినట్లే ఇది.

దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయమే నానో మందు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగలో మందును నింపి రక్తంలోకి ఎక్కిస్తారు. మంచి రక్తనాళాల గోడలు బిగువుగా ఉంటాయి, బుడగ సులభంగా బయటకు రాదు. గడ్డలో హడావిడిగా పెరిగిన నాళాలకు సందులుంటాయి. అక్కడ బుడగ జారి నిలుస్తుంది. ఇట్టి మందు ‘డాక్సిల్’కు అమెరికాలో 1995లో అనుమతి లభించింది. ప్యాక్లిటాక్సెల్ అనే మరో మందును ఆల్బుమిన్ ప్రొటీనుతో కలిపిన ‘అబ్రాక్సేన్’ 2005లో వచ్చింది.

ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపొందిన మన శామీర్‌పేటలో 2008లో బిట్స్ పిలానీ ప్రాంగణం మొదలైంది. అక్కడి ఫార్మసీ విభాగంలో కూడా ఇట్టి మందులపై పరిశోధన జరుగుతున్నది.

అయితే ఆశ ఎంత ఉండాలో అంతే ఉండాలి. డాక్సిల్ గుండెకు హాని తగ్గిస్తుంది గాని అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండవచ్చు. అబ్రాక్సేన్‌తోనూ జుట్టు రాలుతుంది, కాళ్లు చేతులు తిమ్మిరెక్కుతాయి. అన్ని గడ్డల నాళాలూ ఒకేలా ఉండవు, అన్ని క్యాన్సర్లకూ ఈ మందులు పనికిరావు. ‘నానో’ అని పేరుపెట్టి ఊళ్లలో అమ్మే చుక్కలకు, పొడులకు డబ్బు పోయకండి.

ఆ తల్లితో మేమూ ఆసుపత్రికి వెళ్లాము. నానో మందు ఆమెకు అవసరం లేదని డాక్టరుగారు చెప్పారు. గుండె పరీక్ష చేయించి, వాంతులు ఆగే మందు మార్చారు. ఆమె మూడవ విడత తీసుకున్నది. ఆమె బాధ అంతవరకు డాక్టరుకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మీ పొరుగున ఇట్టివారుంటే ఒంటరిగా పంపకండి. తోడు వెళ్లండి, అడగవలసినది అడగండి.