బొగ్గు లోపలికి, బూడిద బయటికి

స్టడీ అవర్ మధ్యలో కరెంటు పోతే "హో" అని అరవని బ్యాచ్ మన హాస్టల్లో ఉండదు. మేమూ అరిచాం. ఐటీఐలో ఫిట్టర్ చదివి ఒక థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పనికి చేరితే, నన్ను వేసిన చోటు టర్బైన్ కాదు, బూడిద విభాగం. అక్కడ తెలుసుకున్నది తమ్ముళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ముందు చిన్న లెక్క. 40 వాట్ల ట్యూబులైటు 25 గంటలు వెలిగితే ఒక యూనిట్. దానికి మన బొగ్గు దాదాపు 700 గ్రాములు కాలాలి. మన దేశపు బొగ్గులో మామూలుగా నూటికి 30 నుంచి 45 పాళ్లు బూడిదే. అంటే ఆ ఒక్క యూనిట్ వెనుక పావు కిలో బూడిద మిగులుతుంది. 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడులో నడిస్తే గంటకు సుమారు 350 టన్నుల బొగ్గు లోపలికి పోయి, 120 టన్నుల బూడిద బయటికి రావాలి.

జంట నగరాల మధ్య హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒకప్పుడు బొగ్గు విద్యుత్ కేంద్రం ఉండేది. దాన్ని 1995లో కూల్చేశారు. ఇప్పుడైతే సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేట మీదుగా రామగుండం వెళ్లాలి. అక్కడి ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ 1983లో మొదలైంది. 2004లో ఏడో యూనిట్ చేరి 2,600 మెగావాట్లయింది. సింగరేణి బొగ్గు దాని సొంత రైలు మార్గంలో వస్తుంది. రైలు నెమ్మదిగా కదులుతుండగానే వ్యాగన్ల అడుగు తలుపులు గాలి ఒత్తిడితో తెరుచుకుని బొగ్గు కింది గోతిలో పడిపోతుంది. మామూలు వ్యాగన్లయితే టిప్లర్ అనే యంత్రం వ్యాగన్‌నే పట్టుకుని బోర్లిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని నిలబడ్డాను!

అక్కడి నుంచి బొగ్గు క్రషర్‌లో 20 మిల్లీమీటర్ల ముక్కలై, బెల్టుల మీద బంకరు చేరుతుంది. దారిలో అయస్కాంతం ఇనుప ముక్కలను ఏరేస్తుంది. ఫీడరు కావలసినంత బొగ్గునే మిల్లులోకి వదులుతుంది. మిల్లు దాన్ని ముఖానికి రాసుకునే పౌడరులా చేస్తే, వేడిగాలి ఫర్నేసులోకి ఊదుతుంది. ఈ బౌల్ మిల్లులు మన రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లోనే తయారవుతాయి. వానాకాలంలో తడి బొగ్గు బంకరు గోడలకు అంటుకుంటే ఫీడరు ఖాళీగా తిరుగుతుంది, లోడు పడిపోతుంది. అర్ధరాత్రి సుత్తులతో బంకరును కొట్టేది మనలాంటి వాళ్లే.

ఇక బూడిద. ఐదో వంతు బాయిలరు అడుగున నీటిలో పడి, గ్రైండరులో నలిగి పోతుంది. మిగతాదంతా పొగతో ఎగురుతుంది. పొగ దారిలో ఎక్కువ వోల్టేజీ తీగల వల్ల విద్యుదావేశం పొంది ఇనుప పలకలకు అంటుకుంటుంది. సుత్తులు తడితే కింది హాపర్లలో రాలుతుంది.

ప్రమాదం ఇక్కడే. హాపర్ చల్లబడితే బూడిద తేమ పట్టి గడ్డకడుతుంది. అందుకే అడుగున హీటర్లు పెడతారు. మా షిఫ్టులో ఒకసారి హీటరు పనిచేయక హాపర్ మూసుకుపోయింది. నా తోటివాడు కింది మూత తీసి కడ్డీతో పొడిచాడు. గడ్డకట్టిన వేడి బూడిద ఒక్కసారి కదిలిందంటే నీళ్లలా పారుతుంది. మోకాళ్ల దాకా కాలిపోయాడు. బూట్లు లేవు, పర్మిట్ అడిగినవాడు లేడు. హాపర్ కింద పని చెబితే ముందు ఆ రెండూ అడగండి తమ్ముళ్లూ. ఎవరేమన్నా సరే.

హాపర్లలోని బూడిదను నీటితో కలిపి చెరువుకు పంపుతారు, లేదా పొడిగానే గాలితో సైలోకు తోస్తారు. చెరువు ఎండితే ఎండాకాలం గాలికి పక్క ఊళ్ల మీద పడుతుంది. సైలోలోది సిమెంటుకూ ఇటుకలకూ పోతుంది. బూడిద వాడకంపై కేంద్రం 1999లో ఉత్తర్వు తెచ్చింది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వుతో మొత్తం బూడిదను వాడాలని, లేకపోతే పరిహారం కట్టాలని చెప్పింది. నా తోటివాడు ఇప్పుడు ఆ సైలో దగ్గరే ట్యాంకర్లు నింపిస్తున్నాడు. కాళ్ల మీద మచ్చలు పోలేదు.