తామర ఎందుకు తగ్గడం లేదు?

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కేసీ కాలువకు నీళ్లొస్తే వరినాట్లు మొదలవుతాయి. పొద్దస్తమానం బురదలో వంగి నాట్లేసే కూలీల్లో మాల, మాదిగ ఆడవాళ్లు ఎక్కువ. రోజంతా నీళ్లలో ఉంటే కాలివేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని చిట్లుతుంది. తడిబట్ట అంటుకునే నడుము దగ్గర, తొడల మధ్య గుండ్రటి మచ్చలు లేస్తాయి. దురద నిద్రపోనివ్వదు. అదే తామర. అది వచ్చినవాళ్లను ‘శుభ్రత తెలియనివాళ్లు’ అనేస్తారు. ఈ మాటలో ఉన్నది కులమే, వైద్యం కాదు.

తామరకు కారణం ఫంగస్. మన చర్మం పైపొరలో, గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే కెరాటిన్ అనే మాంసకృత్తును తిని అది బతుకుతుంది. తడి, వేడి, గాలాడని చోటు దొరికితే పెరుగుతుంది. ఏ కులం చర్మమైనా దానికి ఒకటే. అయితే తడిలో ఎవరు నిలబడాలి, బూట్లు లేకుండా మురుగు కాలువలు ఎవరు తీయాలి, ఇరుకు హాస్టల్ గదుల్లో ఎవరి పిల్లలు పడుకోవాలి అన్నవి కులమే తేలుస్తోంది.

దురద పెట్టేదంతా తామర కాదు. వీపు, ఛాతీ మీద వచ్చే శోభి మచ్చలు వేరే రకం ఫంగస్ వల్ల వస్తాయి, ఒకరి నుంచి ఒకరికి అంటవు. నోట్లో తెల్లపూత, దురదతో కూడిన పెరుగులాంటి తెల్లబట్ట క్యాండిడా పని. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. గజ్జి మాత్రం ఫంగసే కాదు. కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వస్తుంది, దాని మందు వేరు. అనుమానం ఉంటే చర్మం మీది పొట్టును కొద్దిగా గీకి, సూక్ష్మదర్శిని కింద చూసి ఫంగస్ ఉందో లేదో చెప్పవచ్చు.

మరి ఎందుకు తగ్గడం లేదు? ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి వెళ్లలేక మందుల షాపులో ‘దురద ట్యూబు’ అడుగుతాం. వాటిలో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ వంటి గాఢమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది దురదను, ఎరుపును రెండు రోజుల్లో అణచివేస్తుంది. తగ్గిందని ఆపేస్తాం. స్టెరాయిడ్ ఒంటి రోగనిరోధకతను అక్కడ బలహీనపరచడంతో ఫంగస్ లోలోపల పాకి, పెద్ద వలయాలుగా తిరిగొస్తుంది. చర్మం పలచబడి, శాశ్వతంగా చారలు పడతాయి. అందుకే 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. దీనికి తోడు, టెర్బినఫిన్ మందుకు తరచూ లొంగని ఫంగస్ రకం మన దేశంలో వ్యాపించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు.

వైద్యం ఉంది, ఓపిక కావాలి. మచ్చ చిన్నదైతే స్టెరాయిడ్ లేని క్లోట్రిమజోల్ వంటి పూతమందు చాలు. మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా, రోజుకు 2 సార్లు రాయాలి. మచ్చ పోయాక కూడా 2 వారాలు కొనసాగించాలి. ఒళ్లంతా పాకితే, తలలో గానీ గోళ్లలో గానీ వస్తే మాత్రలు కావాలి. ఇట్రాకొనజోల్, టెర్బినఫిన్ వంటివి వారాల తరబడి, గోళ్లకైతే నెలల తరబడి వాడాలి. గర్భిణులు, కాలేయ, గుండె జబ్బులున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంట్లో ఒక్కరికే మందు వేస్తే జబ్బు మళ్లీ చుట్టి వస్తుంది. దురద ఉన్నవాళ్లందరికీ ఒకేసారి చికిత్స జరగాలి. తువ్వాళ్లు, లోదుస్తులు ఎవరివి వారికే ఉండాలి. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి.

ఇవన్నీ చెప్పి ఊరుకుంటే భారం మళ్లీ బాధితుల మీదే పడుతుంది. పారిశుధ్య కార్మికులకు బూట్లు, చేతి తొడుగులు ఇవ్వడం మున్సిపాలిటీ బాధ్యత. హాస్టళ్లలో బట్టలు ఆరేసే చోటు, పిల్లలకు వైద్య పరీక్షలు ప్రభుత్వ బాధ్యత. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి చర్మవైద్యం ఆళ్లగడ్డ పల్లెల దాకా రావాలని, పూర్తి కోర్సు మందులు ఉచితంగా ఇవ్వాలని అడుగుదాం. సగం కోర్సుతో తామర పోదు.