క్యాంప్ డబ్ల్యూడబ్ల్యూఈ: కార్టూనే కదా అని తమ్ముడికి పెట్టేయకండి

జాన్ సీనా, రాక్, స్టీవ్ ఆస్టిన్, అండర్‌టేకర్ అందరూ స్కూల్ పిల్లలు. అందరూ ఒకే సమ్మర్ క్యాంపులో ఉంటారు. ఆ క్యాంపు ఓనర్ విన్స్ మెక్‌మాన్. 'క్యాంప్ డబ్ల్యూడబ్ల్యూఈ' ఐడియా ఇంతే ఫ్రెండ్స్. మొదటి సీజన్ 2016 మేలో డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌వర్క్‌లో వచ్చింది, రెండోది 2018లో. తయారు చేసింది సేత్ గ్రీన్ వాళ్ల స్టూపిడ్ బడ్డీ స్టూడియోస్. 'రోబో చికెన్' చూసినవాళ్లకి ఆ పేరు చెబితే చాలు, ఏ టైప్ కామెడీనో అర్థమైపోతుంది. బొమ్మలేమో పిల్లల ఛానెల్ కార్టూన్ లాగే ఉంటాయి. రేటింగ్ మాత్రం టీవీ-ఎంఏ, అంటే పెద్దవాళ్లకే. నోరు తెరిస్తే బూతే.

ఈ షో గురించి రెజ్లింగ్ ఫ్యాన్స్‌ని అడిగితే ఒక మాట, మామూలు యానిమేషన్ ప్రేక్షకుల్ని అడిగితే ఇంకో మాట వస్తుంది. మా రూమ్‌లో నలుగురం కలిసి చూశాం. ఇద్దరం టెన్ స్పోర్ట్స్ చూసి, ట్రంప్ కార్డులు ఆడి పెరిగిన బ్యాచ్. మిగతా ఇద్దరికీ అండర్‌టేకర్ తప్ప ఇంకో పేరు తెలీదు. మేం నవ్విన చోట వాళ్లు ఫోన్ చూసుకున్నారు. "ఒరేయ్, చిన్న పిల్లలు బూతులు మాట్లాడితే అదే జోకా?" అన్నాడు ఒకడు. వాడి కోణంలో కరెక్టే. రిక్ ఫ్లెయిర్, సార్జెంట్ స్లాటర్ క్యాంపులో పెద్దమనుషులు, గొంతులు కూడా వాళ్లవే. ఫ్లెయిర్ ఎవరో తెలియనివాడికి అక్కడ కనిపించేది తెల్లజుట్టు పెద్దాయన అల్లరి మాత్రమే. తెలిసినవాడికి నలభై ఏళ్ల చరిత్ర గుర్తొస్తుంది.

నాకు మాత్రం ఇందులో అసలు విషయం విన్స్. ఆయన పాత్రకి ఆయనే గొంతిచ్చాడు. దీని వెనకున్న కథ కొంచెం చెప్పాలి. 1997 నవంబర్‌లో మాంట్రియల్‌లో సర్వైవర్ సిరీస్ జరిగింది. కంపెనీ వదిలి వెళ్లబోతున్న బ్రెట్ హార్ట్‌కి చెప్పకుండానే మ్యాచ్ ముగింపు మార్చేసి టైటిల్ లాగేసుకున్నారు. ఆర్డర్ విన్స్‌దే. అభిమానులు ఆయన్ని నిజంగానే అసహ్యించుకున్నారు. ఆయన ఆ కోపాన్నే తీసుకుని 'మిస్టర్ మెక్‌మాన్' అనే విలన్ వేషం కట్టాడు. ఉద్యోగిని పీడించే బాస్, ఆ బాస్‌ని తన్నే ఆస్టిన్. ఆటిట్యూడ్ ఎరా సక్సెస్‌లో సగం ఈ గొడవదే. అంటే నిజం మనిషి, టీవీ విలన్, ఇప్పుడు కార్టూన్ క్యాంపు ఓనర్: మూడో పొర ఇది. పిల్లల్ని హింసించే పిచ్చి ఓనర్‌గా తనని తనే వెక్కిరించుకుంటాడు.

ఇక్కడే ప్రేక్షకులు మళ్లీ రెండుగా చీలిపోతారు. కొందరికి ఇది దమ్మున్న పని, తన మీద తనే జోకు వేసుకునే బాస్ ఎక్కడ దొరుకుతాడు అంటారు. ఇంకొందరికి ఇది సేఫ్ గేమ్, కంపెనీ డబ్బుతో కంపెనీ తీసిన షోలో ఓనర్ మీద ఎంత దూరం వెళ్లగలరు అంటారు. నేను రెండో గ్యాంగ్ వైపే ఎక్కువ. 2009లో 'సౌత్ పార్క్' రెజ్లింగ్ మీద ఒక ఎపిసోడ్ తీసింది. అందులో పిల్లలు కుస్తీ పక్కనపెట్టి డ్రామాలో పడిపోతారు, ఊరంతా అది నిజమని నమ్మేస్తుంది. బయటివాళ్లు తీశారు కాబట్టి జోకు సూటిగా, చూసే మన మీదే వచ్చి పడింది. క్యాంప్‌లో ఆ దెబ్బ ఉండదు. తన్నులు తినాల్సిన చోట విన్స్ గిలిగింతలు పెట్టించుకుని లేచి వెళ్లిపోతాడు.

(నిజమా, అబద్ధమా అనే గొడవ మన దగ్గర కూడా తక్కువేం కాదు. 1996 హిందీ సినిమా 'ఖిలాడియోం కా ఖిలాడీ'లో అక్షయ్ కుమార్ కొట్టింది అసలు అండర్‌టేకర్‌ని కాదు, ఆ వేషంలో ఉన్న బ్రయాన్ లీని. 1994 సమ్మర్‌స్లామ్‌లో నకిలీ అండర్‌టేకర్‌గా వచ్చింది కూడా ఆయనే. ఈ ముక్క చెబితే ఇప్పటికీ కొందరు నాతో గొడవకి దిగుతారు.)

2016లో చూసినవాళ్ల అభిప్రాయం, ఇప్పుడు కొత్తగా చూసేవాళ్ల అభిప్రాయం ఒకేలా ఉండవు. 2024 జనవరిలో ఒక మాజీ ఉద్యోగిని విన్స్ మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో కోర్టుకెళ్లింది. ఆయన వాటిని ఖండించాడు, కానీ కంపెనీ పదవులకి రాజీనామా చేశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో 'మిస్టర్ మెక్‌మాన్' డాక్యుమెంటరీ వచ్చింది, ఆరు ఎపిసోడ్లు. దాని మీద ఆయన కంప్లైంట్ ఏంటంటే, టీవీ పాత్రనీ అసలు మనిషినీ కలిపేసి చూపించారని. ఆ మాట విన్నాక నాకు వెంటనే ఈ కార్టూనే గుర్తొచ్చింది. ఆ రెండింటినీ కలిపి, పైగా సొంత గొంతుతో, నవ్వులు అమ్ముకున్న షో కదా ఇది! బాస్ వెకిలితనం మీద వేసిన జోకులు అప్పుడు 'అబ్బా, ఓవర్' అనిపించి వదిలేసేలా ఉండేవి. ఇప్పుడు అవే వస్తే రూమ్‌లో ఎవరూ నవ్వలేదు. డైలాగ్ ఒక్కటి కూడా మారలేదు, అయినా సరే.

అలాగని పూర్తిగా చెత్త అనను. సీనాని ఎప్పుడూ మంచిబాలుడిగా చూపించే కంపెనీయే ఆ ఇమేజ్‌తో ఆడుకోవడం బాగుంటుంది. 2008 నుంచి టీవీ షోలని పీజీ రేటింగ్‌లోకి మార్చి బ్లడ్, బూతు తగ్గించుకున్న సంస్థ నుంచి ఇలాంటిది రావడమే ఒక వింత. పాత ఫ్యాన్స్‌లో చాలామందికి ఇది నచ్చడానికి అదే కారణం అనుకుంటా. ఆటిట్యూడ్ ఎరా నోటిదురుసు వాళ్లకి మళ్లీ దొరికింది. రెండు మూడు ఎపిసోడ్ల వరకు ఓకే. వరసగా బింజ్ చేస్తే మాత్రం అదే బూతు, అదే షాక్, బోర్ కొట్టేస్తుంది.

ఇక టైటిల్‌లో చెప్పిన విషయం. ఇంట్లో చిన్నవాళ్లు కూడా ఇప్పుడు రెజ్లింగ్ చూస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఇండియాలో రా, స్మాక్‌డౌన్ నెట్‌ఫ్లిక్స్‌లోనే వస్తున్నాయి కాబట్టి రిమోట్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. సీనా బొమ్మ ఉన్న కార్టూన్ ఎక్కడ కనబడినా నొక్కేస్తారు, అది ఏ యాప్ అయినా. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పిల్లల ప్రొఫైల్‌కి వయసు రేటింగ్ తగ్గించండి, మీ ప్రొఫైల్‌కి పిన్ లాక్ పెట్టండి. రేటింగ్ ఒక్కటే మార్చి పిన్ వదిలేస్తే లాభం లేదు, వాళ్లు తాపీగా మీ ప్రొఫైల్‌లోకి దూరిపోతారు.

మీరు చూడాలనుకుంటే ముందు ఆస్టిన్–మెక్‌మాన్ గొడవ క్లిప్పులు ఒక నాలుగు చూసి, తర్వాత సీజన్ 1 మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్స్ మర్చిపోవద్దు, హాల్లో అమ్మ ఉంటే అసలే వద్దు.