రైతుకి ఏ రకం వెబ్‌సైట్ కావాలి? పంటని బట్టి తేల్చుకోండి

మా బియ్యం, పసుపు, మామిడి ఎలా అమ్ముతున్నామో పై వీడియోలో చూశారు కదా. పొలం చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "అన్నా, వెబ్‌సైట్ చేయించాలంటే ఎంతవుద్ది?" నేను తిరిగి మూడు అడుగుతాను. ఏం అమ్ముతావు? ఎంత బరువు? ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? ఇవి తెలిస్తే ఏ రకం సైటు కావాలో తేలిపోతుంది.

మా మండలంలో ఒక రైతు ఖర్చుపెట్టి ఆన్‌లైన్ షాపు చేయించాడు. అమ్మేది 25 కేజీల బియ్యం బస్తాలు. కొనేవాళ్లు చివరిదాకా వచ్చి, కొరియర్ చార్జీ చూసి వెళ్లిపోతున్నారు. సైటు బాగుంది, బియ్యమూ బాగున్నాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు, అంతే.

1. పరిచయం సైటు

ఒకటి రెండు పేజీలు చాలు. మీరెవరు, పొలం ఎక్కడ, ఏం పండిస్తారు, ఫోన్ నంబర్, మ్యాప్. ఎక్కడో మీ పేరు విన్న మనిషి, నిజమా కాదా అని చూసుకునే చోటు ఇది. ఘనజీవామృతం తయారీ, కషాయం పిచికారీ, నవధాన్యాలు చల్లడం లాంటి మీ వీడియోలు ఇక్కడే పెట్టండి. పీజీఎస్-ఇండియా సర్టిఫికెట్ ఉంటే అదీ పెట్టండి. సర్టిఫికెట్ లేనివాళ్లు మాత్రం జైవిక్ భారత్ లోగో వాడకూడదు.

2. కేటలాగ్ సైటు

సరుకు ఫోటో, ధర, కింద వాట్సాప్ బటన్. ఆర్డర్ మాటల్లో, డబ్బు యూపీఐలో. బియ్యం, పప్పులు లాంటి బరువు సరుక్కి నేను చెప్పేది ఇదే. నెలంతా ఆర్డర్లు రాసుకుని, ఒకే బండిలో హైదరాబాద్ పంపితే బస్తాకి పడే రవాణా ఖర్చు బాగా తగ్గుతుంది. సైటు ఖర్చు కూడా వద్దనుకుంటే వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ ఉచితమే.

3. ఆన్‌లైన్ షాపు

కార్ట్, పేమెంట్ గేట్‌వే, కొరియర్ అన్నీ ఉండేది ఇది. పసుపు, తేనె, మునగాకు పొడి లాంటి వాటికి సరిపోతుంది. బరువు తక్కువ, ధర ఎక్కువ, నెలల తరబడి నిల్వ. గేట్‌వే ఫీజు సాధారణంగా 2 శాతం దగ్గర ఉంటుంది, ధర కట్టేటప్పుడే కలుపుకోండి. స్టాక్ అయిపోతే ఆ రోజే సైటులో తీసేయాలి. ఆ పని చూసే మనిషి ఇంట్లో లేకపోతే ఇటు రావద్దు.

చట్టం సంగతి కూడా ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ పేరు, చిరునామా, ఫిర్యాదు ఎవరికి చేయాలో, సరుకు వాపసు ఎలాగో సైటులో కనిపించాలి. ప్యాక్ చేసిన ఆహారానికి 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ కూడా పెట్టండి.

4. ముందస్తు బుకింగ్ సైటు

మామిడికి ఇది చక్కగా పనికొస్తుంది. బంగినపల్లి కాయ కోశాక మన చేతిలో ఉండేది కొద్ది రోజులే. కోతకి ముందే ఒక ఫారంలో ఎవరికి ఎన్ని బాక్సులు కావాలో తెలిస్తే, అన్నే కోసి, కార్బైడ్ లేకుండా వరిగడ్డిలో మాగేసి పంపొచ్చు. పొలం సందర్శనకీ, శిక్షణకీ ఇదే ఫారం పనిచేస్తుంది.

5. మార్కెట్‌ప్లేస్

పెద్ద కంపెనీల సైట్లలో సరుకు పెట్టడం, సంతలో కొట్టు అద్దెకి తీసుకోవడం లాంటిది. జనం ఉంటారు, కమీషన్ పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, కొన్న మనిషి ఫోన్ నంబర్ మామూలుగా మన చేతికి రాదు. వచ్చే పంటకి ఆయన్ని పిలవలేం. జీఎస్టీ సంగతి ముందే ఆడిటర్‌ని అడగండి.

ఏ రకమైనా, పేరు మీదై ఉండాలి

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చే సైట్లని ఆ సంస్థ 2024 మార్చిలో ఆపేసింది. ఉచితంగా ఇచ్చింది ఎప్పుడైనా ఆగిపోవచ్చు. నాకు తెలిసిన ఒక రైతు సంఘానికి ఇంకో రకం దెబ్బ తగిలింది. డొమైన్ పేరు, సైటు చేసినతని పేరున ఉంది. అతను ఫోన్ ఎత్తడం మానేశాడు, ఏడాది గడువు దాటింది, సైటు పోయింది. ప్యాకెట్ల మీద అచ్చేయించిన అడ్రస్ మాత్రం మిగిలింది.

పొలం పాస్‌బుక్ పక్కవాడి పేరున రాయిస్తామా? ఇదీ అంతే. డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ డబ్బుతో కొనండి. పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. రెన్యువల్ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రెండు రకాలతో ఒక పంట కాలం నడపండి. వాట్సాప్‌లో ఆర్డర్లు రాసుకోలేనంతగా పెరిగిన రోజున, అవి తేలిక సరుకులైతే, అప్పుడు షాపు కట్టించండి.