మూడేళ్లు గ్యాప్ వస్తే ముగిసిపోయినట్టేనా?

‘‘పాప పుట్టాక మానేసింది. నాలుగేళ్లయింది. ఇప్పుడు మళ్లీ ఉద్యోగం ఎవరిస్తారమ్మా!’’ పెళ్లిళ్లలోనూ, పేరంటాల్లోనూ, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లోనూ ఈ మాట ఎంత మామూలుగా వినిపిస్తుందంటే, అందులో నిజమెంతో చూద్దామన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. చిరంజీవి 2007లో ‘శంకర్‌దాదా జిందాబాద్’ తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి, 2017 సంక్రాంతికి ‘ఖైదీ నంబర్ 150’తో హీరోగా తిరిగొచ్చారు. అప్పుడు పోస్టర్ల మీద ‘బాస్ ఈజ్ బ్యాక్’ అని వేశారు. మధ్యలో ఆ పదేళ్ల గ్యాప్ ఏమిటని నిలదీసినవాళ్లు లేరు. విజయశాంతి 2006 తర్వాత 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’తో వచ్చినా థియేటర్లలో ఈలలే పడ్డాయి.

సినిమా వేరు, ఆఫీసు వేరు. తారలకు అభిమానులుంటారు, మామూలు ఉద్యోగికి ఎదురుగా హెచ్‌ఆర్ ఉంటారు. ఒప్పుకోవాల్సిందే. కానీ కెరీర్ బ్రేక్ తీసుకున్నవాళ్లను భయపెట్టే మాటల్లో చాలావాటికి పునాది లేదు. కొన్నింటికి మాత్రం ఉంది, వాటినీ దాచాల్సిన పనిలేదు.

అపోహ: కొన్నాళ్లు ఇంట్లో ఉంటే బుర్రకు తుప్పు పడుతుంది

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2016 తర్వాత తల్లి కావడం కోసం సుమారు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉన్నారు. 2017లో కూతురు పుట్టింది. 2018లో జార్జియాలోని బతుమిలో జరిగిన ఒలింపియాడ్‌తో మళ్లీ బోర్డు ముందు కూర్చున్నారు. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. బ్రేక్‌కు ముందు ఎన్నేళ్లు ఆడినా ఆమెకు దక్కని టైటిల్ అది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే టైటిల్ రెండోసారి గెలిచారు. హైదరాబాద్ టెన్నిస్ తార సానియా మీర్జాదీ ఇలాంటి కథే. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో హోబర్ట్‌లో, తిరిగొచ్చి ఆడిన తొలి టోర్నీలోనే డబుల్స్ టైటిల్ అందుకున్నారు.

ప్రపంచ స్థాయి ఆటగాళ్లను చూపించి మామూలు ఉద్యోగులను ఓదార్చడం అంత న్యాయం కాదు. అయితే హంపి తిరిగొచ్చిన తీరు మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. వచ్చీ రాగానే టైటిల్ రాలేదు. ముందు జట్టుతో కలిసి ఆడారు, తర్వాత ఒక్కో టోర్నీతో పట్టు తెచ్చుకున్నారు. బతుమి నుంచి మాస్కోకు ఏడాది దాటింది. మొదటి నెలలోనే పాత ఊపు రాలేదని బెంగపడేవాళ్లు ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. మనకు వచ్చిన పని ఎక్కడికీ పోదు, ఆ పని చేసే పద్ధతి మారుతుంది. విజయవాడలో ఒక చిన్న సంస్థలో 2016 దాకా లెక్కలు రాసి మానేసిన అకౌంటెంట్‌ను ఊహించుకుందాం. ఆమె ఇవాళ తిరిగొస్తే డెబిట్, క్రెడిట్, బ్యాంకు రీకన్సిలియేషన్ అలాగే ఉంటాయి. వ్యాట్, సర్వీస్ ట్యాక్స్ రిటర్నులు మాత్రం ఉండవు. 2017 జులై 1 నుంచి వాటి స్థానంలో జీఎస్టీ వచ్చింది. ట్యాలీ ఈఆర్‌పీ 9 పోయి 2020లో ట్యాలీప్రైమ్ వచ్చింది. అంటే ఆమె కొత్తగా నేర్చుకోవాల్సినవి జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బి ఫైలింగ్, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ సరిచూసుకోవడం, కొత్త సాఫ్ట్‌వేర్ మెనూలు. మొత్తం అకౌంటెన్సీ కాదు. ఏ రంగం వాళ్లయినా ‘నేను మానేశాక ఏం మారింది?’ అని ఒక కాగితం మీద రాసుకుంటే, భయపడినంత పొడవు జాబితా తేలదు.

అపోహ: డెలివరీకి ముందే రిజైన్ చేసేయడం మర్యాద

ఈ మర్యాద వల్ల నష్టపోయినవాళ్లు లెక్కలేనంతమంది. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో, ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన మహిళకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు హక్కు. 1961 నాటి చట్టాన్ని 2017లో సవరించి 12 వారాలను 26 వారాలు చేశారు. ఇందులో 8 వారాలు ప్రసవానికి ముందే తీసుకోవచ్చు. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే మాత్రం 12 వారాలే. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ 26 వారాలు అలాగే ఉన్నాయి. సెలవులో ఉన్నప్పుడు, ఆ సెలవు కారణంగా తీసేయడం చట్టవిరుద్ధం. 50 మంది, ఆ పైన ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు.

‘‘మాది కాంట్రాక్టు ఉద్యోగం, మాకివేం వర్తిస్తాయి?’’ అనుకునేవాళ్లు రెండు సుప్రీంకోర్టు తీర్పులు తెలుసుకోవాలి. దిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో రోజుకూలీ మీద పనిచేసే మహిళలకూ ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని 2000లో చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా పూర్తి ప్రయోజనం చెల్లించాలని 2023లో కవితా యాదవ్ కేసులో తేల్చింది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకైతే పిల్లలకు 18 ఏళ్లు వచ్చేలోపు, సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, మిగతా రోజులకు 80 శాతం. భార్య లేకుండా పిల్లల్ని పెంచుకునే తండ్రికీ ఇది వర్తిస్తుంది. రాజీనామా లేఖ రాసే ముందు ఇంట్లోవాళ్లను కాదు, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌ను అడగాలి.

అపోహ: టాలెంట్ ఉంటే గ్యాప్‌ను ఎవరూ పట్టించుకోరు

ఇది తీపి అబద్ధం. పట్టించుకుంటారు. కేట్ వైస్‌హార్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒకేలాంటి అర్హతలతో కల్పిత రెజ్యూమెలు తయారుచేసి కంపెనీలకు పంపారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఉద్యోగంలో ఉన్న తల్లులకు సుమారు 15 శాతం దరఖాస్తులకు పిలుపులొచ్చాయి. ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నవాళ్లకు దాదాపు 10 శాతం. పిల్లల కోసం ఇంట్లో ఉన్నామని రాసినవాళ్లకు 5 శాతమే. తండ్రుల విషయంలోనూ ఇంచుమించు ఇదే వరస! ఉద్యోగం పోయినవాళ్లకన్నా ఇంటి కోసం మానుకున్నవాళ్లనే కంపెనీలు ఎక్కువ అనుమానంగా చూశాయన్నమాట.

మరి దాచేయాలా? మన దగ్గర అది కుదిరే పని కాదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ కింద ఉన్న పీఎఫ్ సర్వీసు చరిత్ర చూస్తే ఏ నెలలో చేరారో, ఏ నెలలో మానేశారో ఇట్టే బయటపడుతుంది. లేని ఉద్యోగం సృష్టించి తేదీలు కలిపేవాళ్లు ఆఫర్ లెటర్ చేతికొచ్చాక కూడా దాన్ని పోగొట్టుకుంటారు.

దాచకుండానే చెప్పే తీరు మార్చుకోవచ్చు. బ్రిటన్‌లో పరిశోధకులు 9 వేలకు పైగా దరఖాస్తులతో ఒక ప్రయోగం చేశారు. ‘2012–2018’ అని తేదీలు వేసే బదులు ‘6 సంవత్సరాల అనుభవం’ అని రాసిన రెజ్యూమెలకు, తేదీల్లో గ్యాప్ కనిపించే రెజ్యూమెల కన్నా పిలుపులు సుమారు 15 శాతం ఎక్కువగా వచ్చాయి. కాబట్టి ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్ రెజ్యూమె మొదటి వరసలో ‘ఆరేళ్ల టెస్టింగ్ అనుభవం, బ్యాంకింగ్ ప్రాజెక్టులు’ అని ఉండాలి. ఆ కింద ఇటీవల నేర్చుకున్న ఆటోమేషన్ టూల్, దాంతో సొంతంగా చేసిన చిన్న ప్రాజెక్టు. ఆ తర్వాత ఒకే ఒక్క వరస: ‘కుటుంబ బాధ్యతల కోసం నాలుగేళ్ల విరామం, ఇప్పుడు పూర్తికాలం పనికి సిద్ధం’. దరఖాస్తు ఫారంలో తేదీలు అడిగితే ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలి. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు అత్తగారి ఆపరేషన్ నుంచి మొదలుపెట్టి పది నిమిషాలు సంజాయిషీ చెప్పనక్కర్లేదు. రెండు వాక్యాలు చాలు, మూడోది పని గురించి ఉండాలి. లింక్డ్‌ఇన్ కూడా 2022 నుంచి ప్రొఫైల్‌లో ‘కెరీర్ బ్రేక్’ అని విడిగా చూపించే వీలు కల్పించింది.

అపోహ: పాత పీఎఫ్, పాత సర్టిఫికెట్లు అన్నీ మురిగిపోతాయి

మూడేళ్లు డబ్బు జమ కాకపోతే పీఎఫ్‌కు వడ్డీ ఆగిపోతుందని ఇప్పటికీ గట్టిగా చెప్పేవాళ్లున్నారు. వాళ్లది పూర్తిగా తప్పు కాదు, పాతబడిన నిజం. 2011 నుంచి కొన్నేళ్లపాటు అలాగే ఉండేది. 2016 నవంబరులో నిబంధన మార్చారు. మధ్యలో ఉద్యోగం మానేసినవాళ్ల ఖాతాకు 58 ఏళ్లు వచ్చేదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024–25కు ఆ రేటు 8.25 శాతం. మానేశాక వచ్చే వడ్డీకి మాత్రం ఆదాయపు పన్ను కట్టాలి.

పెన్షన్ సంగతి ఇంకా ముఖ్యం. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. అది ఏకధాటిగా ఉండాలని లేదు. ఆరేళ్లు చేసి, అయిదేళ్లు ఆగి, మళ్లీ నాలుగేళ్లు చేస్తే లెక్క పదే. కానీ చాలామంది మానేయగానే ‘ఉన్నదంతా తీసేద్దాం’ అని పెన్షన్ భాగాన్నీ విత్‌డ్రా చేసేస్తారు. దాంతో ఆ ఆరేళ్లూ తుడిచిపెట్టుకుపోతాయి. దాని బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఆ సర్వీసు భద్రంగా ఉంటుంది. కొత్త ఉద్యోగంలో పాత యూఏఎన్ నంబరే ఇవ్వాలి, ఇంకోటి తెరవకూడదు.

బీఈడీ చేసి ఇంట్లో ఉండిపోయినవాళ్లకు ఒక మంచి మాట. టెట్ అర్హత ఒకప్పుడు ఏడేళ్లే చెల్లేది. 2021లో దాన్ని జీవితకాలం చేశారు, అదీ 2011 నుంచి వర్తించేలా. డీఎస్సీ వయోపరిమితి కూడా చాలామంది అనుకునేంత తక్కువేం కాదు. జనరల్ అభ్యర్థులకు తెలంగాణలో 2024 డీఎస్సీకి 46, ఏపీలో 2025 మెగా డీఎస్సీకి 44 ఏళ్లు. పీహెచ్‌డీ మధ్యలో ఆపినవాళ్ల కోసం యూజీసీ 2022 నిబంధనల్లో మహిళలకు రెండేళ్ల అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. నర్సుల సంగతి వేరు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోకుండా డ్యూటీలో చేరడం కుదరదు, ముందు ఆ పని చూసుకోవాలి.

అపోహ: మళ్లీ తీసుకునే కంపెనీలు దయతలిచి తీసుకుంటాయి

దయ కాదు, లెక్క. అనుభవం ఉన్న మనిషికి ఏం మారిందో నేర్పించడం, కొత్త మనిషికి అన్నీ నేర్పించడం కన్నా సులువు. గోల్డ్‌మన్ శాక్స్ 2008లో విరామం తర్వాత తిరిగొచ్చేవాళ్ల కోసం ‘రిటర్న్‌షిప్’ మొదలుపెట్టింది. అదే ఏడాది మన దేశంలో టాటా గ్రూపు ‘సెకండ్ కెరీర్ ఇంటర్న్‌షిప్’ ప్రారంభించింది. ఇప్పుడు టీసీఎస్ ‘రీబిగిన్’, విప్రో ‘బిగిన్ అగైన్’, ‘రీస్టార్ట్ విత్ ఇన్ఫోసిస్’, అమెజాన్ ‘రీకిండిల్’ అన్నీ ఈ కోవలోవే. మూడున్నరేళ్లు విరామం తీసుకున్న నేహా బగారియా 2015 మహిళా దినోత్సవం రోజున బెంగళూరులో ‘జాబ్స్‌ఫర్‌హర్’ పెట్టారు. ఇప్పుడది ‘హర్‌కీ’.

ఇదంతా ఐటీకే పరిమితం కాదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002లోనే మహిళా శాస్త్రవేత్తల పథకం తెచ్చింది, ప్రస్తుతం అది ‘వైజ్-కిరణ్’ కింద నడుస్తోంది. అందులో ఒక శాఖ ప్రత్యేకంగా మెచ్చుకోదగ్గది. సైన్సు చదివి ఇంట్లో ఉండిపోయిన మహిళలకు ఏడాదిపాటు స్టైపెండ్ ఇచ్చి పేటెంట్ల పని నేర్పిస్తారు. ల్యాబు అక్కర్లేని పని, చదివిన సైన్సు వృథా కాని పని. అలా శిక్షణ పొంది పేటెంట్ ఏజెంట్లుగా స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. బయోటెక్నాలజీ విభాగం 2011లో ‘బయోకేర్’ తెచ్చింది.

జాగ్రత్తలూ ఉన్నాయి. రిటర్న్‌షిప్ అంటే పర్మినెంట్ ఉద్యోగం అని కాదు. గడువెంత, జీతమెంత, పూర్తయ్యాక ఎంతమందిని తీసుకుంటారు అని ముందే అడగాలి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నవాళ్లు ఎంత పెద్ద పేరు చెప్పినా నమ్మొద్దు.

అపోహ: ఇది ఆడవాళ్ల సమస్య

హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ గ్రూప్-1 కోసం నాలుగైదేళ్లు గడిపిన కుర్రాళ్లను అడగండి, రెజ్యూమెలో గ్యాప్ అంటే ఏమిటో చెబుతారు. లేఆఫ్ తర్వాత తల్లిదండ్రుల వైద్యం కోసం ఊరెళ్లిపోయినవాళ్లూ అంతే. అమెరికా వెళ్లిన తెలుగు భార్యలది ఇంకో రకం. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లకు 2015 మే 26 దాకా పనిచేసే అవకాశమే లేదు. ఇప్పటికీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే వర్క్ పర్మిట్. చేస్తున్న ఉద్యోగాన్ని వీసా మాన్పించిందంటే అది చేతకానితనం కాదుగా. ఆ వీసా మీద చదువుకోవడానికి మాత్రం అడ్డులేదు.

అయినా భారమంతా ఎటు మొగ్గుతుందో లెక్కలు దాచడం లేదు. కేంద్ర ప్రభుత్వ 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. కేంద్ర ప్రభుత్వంలో తండ్రికి 15 రోజుల సెలవుంది, ప్రైవేటు రంగంలో తండ్రికి సెలవు ఇవ్వాలన్న చట్టమే లేదు. తిరిగి ఉద్యోగంలో చేరిన మహిళ ఆర్నెల్లకే మళ్లీ మానేస్తే తప్పు ఆమె నైపుణ్యంలో వెతకడం మానాలి. పొద్దున్న బాక్సులు ఎవరు కడుతున్నారో, పిల్లాడికి జ్వరమొస్తే సెలవు ఎవరు పెడుతున్నారో ఆ ఇంట్లోవాళ్లు ముందే మాట్లాడుకోవాలి. ఆఫర్ లెటర్ వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టక ముందే.